మాట పోయిన నాన్నగారికి అన్నీ అర్థమవుతున్నాయి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 61 ఏళ్లు. పదకొండు రోజుల కిందట తెల్లవారి లేవబోతే కుడి చెయ్యి, కుడి కాలు ఆడలేదు. మూతి ఎడమవైపుకు లాగేసింది, మాట పడిపోయింది. ఇప్పుడు ఇంటికి తెచ్చుకున్నారు. ఏం అడిగినా "అదీ... అదీ..." అనే ముక్క ఒక్కటే వస్తోంది, అదీ రాకపోతే ఏడుస్తున్నారు. స్కాన్ చూసి పక్షవాతమనీ, మెదడు ఎడమవైపు దెబ్బతిందనీ అన్నారు. ఎడమవైపు దెబ్బతింటే కుడివైపు ఎందుకు పడిపోయింది, మాట తిరిగి వస్తుందా, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదు, పసరు మందు వాడవచ్చా, పావురం రక్తం పూయవచ్చా, మతి కూడా పోతుందా, మీరు బెంగళూరుకు ఎప్పుడు తిరిగి వెళ్లవచ్చు అని అడిగారు. ఇరవై రెండేళ్లుగా మెదడు జబ్బులు చూస్తున్న డాక్టరుగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

అంతకంటే ముందు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆయన మంచం పక్కనే కూర్చుని "ఇక ఈయన పని అయిపోయినట్టే, పొలం కౌలుకిచ్చేయండి" అంటున్నారని మీరు మాటవరసకు రాశారు. దయచేసి ఈరోజు నుంచే ఆ మాటలు బయట గదికి మార్చండి. మీరు రాసిన లక్షణాలను బట్టి ఆయనకు ఆ మాటలు అర్థమవుతున్నాయి. "కళ్లజోడు ఎక్కడ పెట్టారు నాన్నా?" అంటే ఎడమ చేత్తో అలమర వైపు చూపించారని మీరే రాశారు కదా. మాట బయటికి రావడం లేదంతే, లోపలికి వెళ్తోంది. ఈ రెండు పనులూ మెదడులో రెండు వేరు వేరు చోట్ల జరుగుతాయి. మీ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇక్కడే ఉంది.

మెదడు బరువు దాదాపు కిలోన్నరకు కాస్త తక్కువ. మన ఒంటి బరువులో అది రెండు శాతమే అయినా, మనం పీల్చే ఆక్సిజన్‌లో ఐదోవంతు అదే వాడుకుంటుంది. నిమిషానికి ముప్పావు లీటరు రక్తం మెదడుకు వెళ్తూనే ఉండాలి. సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయక్కడ. అన్నీ ఒకేలాంటి పని చెయ్యవు. పైన కనిపించే ముడతలు పడిన పెద్ద మెదడు రెండు సగాలుగా ఉంటుంది. కదలిక, స్పర్శ, మాట, చూపు, ఆలోచన దానిలో జరుగుతాయి. వెనక కింద ఉండే చిన్న మెదడు నడకలో తూలకుండా, చెయ్యి గురి తప్పకుండా చూస్తుంది. ఈ రెండింటినీ వెన్నుపాముకు కలిపే కాండం బొటనవేలంత లావు ఉంటుంది, అంతే. ఊపిరి, గుండె లయ, మింగడం, మెలకువ అన్నీ ఆ కాస్త చోటులోనే ఉన్నాయి. అందుకే పెద్ద మెదడులో నిమ్మకాయంత చోటు పోయినా మనిషి బతికి నడవగలడు, కాండంలో చింతగింజంత చోటు పోతే ప్రాణం మీదికి వస్తుంది.

పెద్ద మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞలు మోసుకువెళ్లే తీగలు కిందికి దిగుతూ, మెడ మొదట్లో, కాండం చివర ఒకదాన్నొకటి దాటుకుని అవతలి పక్కకు వెళ్తాయి. స్కూలు పుస్తకాల్లో మజ్జాముఖం అని చదివిన భాగం అదే. పదింట తొమ్మిది వంతుల దాకా తీగలు అక్కడ పక్క మారతాయి. ఎడమ మెదడు కుడి చేతిని ఆడిస్తుంది, కుడి మెదడు ఎడమ చేతిని. ఆయన చేతికీ కాలికీ ఏ జబ్బూ లేదు. వాటికి ఆజ్ఞ రావడం ఆగిపోయింది.

ఇక్కడ మన భాషలో ఉన్న ఒక చిక్కు చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల చాలా కుటుంబాలు దారి తప్పడం చూశాను. మనం రక్తనాళాన్నీ "నరం" అంటాం, కబుర్లు మోసే నాడినీ "నరం" అంటాం. "నరానికి సూది వేశారు" అంటే రక్తనాళం. "నరాల బలహీనత" అంటే నాడి. పక్షవాతం రాగానే "నరాల జబ్బు" అనుకుని నరాల బలానికని ఎర్రరంగు విటమిన్ సూదులు వారానికొకటి చొప్పున వేయిస్తారు. జబ్బు వచ్చింది రక్తనాళంలో. మెదడుకు రక్తం తీసుకువెళ్లే గొట్టం మూసుకుపోయినా, చిట్లినా దాని అవతల ఉన్న మెదడు చచ్చిపోతుంది, అదే పక్షవాతం. పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి మూసుకుపోతుంది, మిగతావారికి చిట్లుతుంది. మీ నాన్నగారిది మూసుకుపోయిన రకం. ఆ సూదులు దాన్ని తెరవలేవు.

మెడకు రెండు పక్కలా చెయ్యి పెడితే కొట్టుకునే పెద్ద నాళాలు పుర్రెలోకి వెళ్లి కొమ్మలవుతాయి. వెన్నెముక పక్కనుంచి ఇంకో రెండు వస్తాయి. ఈ నాలుగూ మెదడు అడుగున ఒక వలయంలా కలుస్తాయి. థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1664లో దాన్ని వివరంగా రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఆ వలయం నుంచి వచ్చే కొమ్మల్లో పెద్దది మధ్య కొమ్మ. మెదడు బయటి ముఖంలో చాలా భాగానికి రక్తం ఇచ్చేది అదే. మీ నాన్నగారికి మూసుకుపోయింది ఎడమవైపు మధ్య కొమ్మ.

కదలికలను నడిపించే పట్టీ ఒకటి మెదడు మీద నడినెత్తి నుంచి చెవి వైపుకు దిగుతుంది. ఆ పట్టీలో పై చివర, రెండు సగాల మధ్య చీలికలోకి వంగిన చోట కాలు ఉంటుంది. కిందికి దిగుతుంటే భుజం, చెయ్యి, వేళ్లు, ఆ కింద ముఖం, నాలుక. వేళ్లకూ పెదవులకూ చాలా పెద్ద చోటు, వీపుకు చాలా చిన్న చోటు. పని ఎంత నాజూకైతే అంత స్థలం. మధ్య కొమ్మ రక్తం ఇచ్చేది చేతికీ ముఖానికీ. కాలి చోటుకు ముందు కొమ్మ ఇస్తుంది. అందుకే మధ్య కొమ్మ మూసుకుపోయిన చాలామందిలో చెయ్యి, మూతి బాగా దెబ్బతిని, కాలు కాస్త నయంగా ఉంటుంది, ముందు అదే కోలుకుంటుంది. మంచం మీద ఉన్నప్పుడు కుడి మోకాలు కొంచెం ముడుస్తున్నారని రాశారు, మంచి సూచన. నడక వచ్చాక కూడా చేతివేళ్లు రాకపోతే "డాక్టర్లు సరిగా చూడలేదు" అనుకోకండి. వేళ్లు అందరికీ చివరే వస్తాయి, కొందరికి పూర్తిగా రావు.

ఆ పట్టీలో ముఖం, నాలుక ఉన్న చోటుకు ఆనుకునే ముందువైపు, ఎడమ కణతకు కాస్త పైన, మాటను కూర్చే చోటు ఉంది. కుడిచేతి వాటం ఉన్నవారిలో నూటికి తొంభై మందికి పైగా భాష ఎడమ మెదడులోనే ఉంటుంది. ఈ సంగతి ప్రపంచానికి తెలిసిన తీరు మీకు చెప్పాలనిపిస్తోంది. పారిస్ దగ్గర బిసెట్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే మనిషి ఉండేవాడు. ముప్పై ఏళ్ల వయసులో మాట పోయింది. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు, అందరూ ఆయన్ను టాన్ అనే పిలిచేవారు. తర్వాత కుడి చెయ్యి, కుడి కాలు కూడా పోయాయి. 1861 ఏప్రిల్‌లో పాల్ బ్రోకా అనే సర్జన్ ఆయన్ను పరీక్షిస్తూ "ఇక్కడికి వచ్చి ఎన్నేళ్లయింది?" అని అడిగాడు. లెబోర్న్ అరచెయ్యి నాలుగుసార్లు తెరిచి చూపించి, చివర ఒక వేలు ఎత్తాడు. ఇరవై ఒకటి. లెక్క సరిపోయింది. కొద్ది రోజులకు ఆయన చనిపోతే బ్రోకా మెదడు తీసి చూశాడు. ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ. ఇప్పటికీ ఆ చోటును బ్రోకా ప్రాంతం అనే అంటాం.

ఇరవై ఒక్క సంవత్సరాలూ ఆ మనిషి తన రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. మీ నాన్నగారి "అదీ... అదీ..." ఈ "టాన్" లాంటిదే.

మా తాతయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. మాట పోయింది. ఇంట్లో పెద్దవాళ్లు ఆయన మంచం దగ్గరే నిలబడి పొలం పంపకాలు మాట్లాడుకున్నారు. "ఆయనకేం తెలుస్తుందిలే" అనేవాళ్లు. నేను అన్నం తినిపిస్తుంటే ఆయన ఎడమ చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుని వాళ్లవైపు చూసేవాడు. నీళ్లు కావాలేమో అనుకుని గ్లాసు ఇచ్చేదాన్ని. ఏడు నెలలు అలా ఉండి పోయాడు. మెడిసిన్‌లో ఈ పాఠం చదివిన రోజు ఆయన ఎందుకు చెయ్యి పట్టుకున్నాడో తెలిసి హాస్టల్ గదిలో కూర్చుని ఏడ్చాను. మీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

అలాగని ఆయనకు వందకు వంద అర్థమవుతుందని అనుకోవద్దు. చిన్న వాక్యాలు బాగా అందుతాయి. నలుగురు ఒకేసారి మాట్లాడితే, టీవీ మోగుతుంటే, వాక్యం మెలికలు తిరిగితే చిక్కుబడతారు. ఒకరే, ఎదురుగా కూర్చుని, నిదానంగా, మామూలు గొంతుతో మాట్లాడండి. చెవుడు లేదు కాబట్టి అరవక్కర్లేదు. చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడితే చిన్నబుచ్చుకుంటారు. "ఏం కావాలి?" అని అడిగితే జవాబు రాదు, "కాఫీనా? మంచినీళ్లా?" అని రెండూ చూపించి అడిగితే వస్తుంది. అడిగాక లోపల పది లెక్కపెట్టుకునేంతసేపు ఆగండి. ఇంకో సంగతి, అవుననబోయి కాదని, కాదనబోయి అవునని నోరు జారడం ఈ జబ్బులో మామూలే. ముఖ్యమైన విషయమైతే బొటనవేలు పైకా కిందికా అని మళ్లీ అడిగి నిర్ధారించుకోండి. బ్యాంకు సంతకం లాంటి వాటికి తొందరపెట్టకండి.

పలక ఇచ్చి రాయమంటే రాయలేకపోతున్నారని బాధపడ్డారు. చెయ్యి పడిపోవడం ఒక కారణం, కానీ ఎడమ చేత్తోనూ రాయలేరు. మాట్లాడటం, రాయడం రెండూ ఒకే భాష లోంచి రావాలి, దెబ్బ తగిలింది ఆ భాషకు. పలక పక్కన పెట్టి, ఒక నోటుపుస్తకంలో ఇంట్లోవాళ్ల ఫోటోలు, అన్నం, మంచినీళ్లు, బాత్రూమ్, నొప్పి, ఫ్యాన్, పొలం, బర్రె బొమ్మలు అంటించి పెట్టండి. చూపించి అడుగుతారు.

ఇంకో ఆశ కలిగించే విషయం. సొంతంగా ఒక్క మాట కూర్చలేని మనిషి ఒకటి రెండు మూడు అని లెక్క చెప్పగలుగుతారు, వారాల పేర్లు వరసగా అనగలుగుతారు, చిన్నప్పుడు నేర్చిన పద్యం మీరు ఎత్తుకుంటే అందుకుంటారు, కోపం వస్తే తిట్టు స్పష్టంగా వస్తుంది. కంఠస్థమైనవీ, రాగంతో కలిసినవీ వేరే దారుల్లో, కొంత కుడి మెదడు సాయంతో నడుస్తాయి. ఆయన తిట్టారని మీ అమ్మగారు నొచ్చుకున్నారు కదా, ఆ తిట్టు ఆయన ఎంచుకున్నది కాదు, దొరికిన ఒకే ఒక్క మాట అది. స్పీచ్ థెరపీ మొదలుపెట్టేది ఇలాంటి దొరికిన మాటల దగ్గరే. పద్యంలోని పదాన్ని ముందు రాగంతో, తర్వాత రాగం తగ్గించి, చివరికి మామూలు మాటగా తెస్తారు. మీ దగ్గరి పట్టణంలో స్పీచ్ థెరపిస్టు ఉంటే వారానికి రెండుసార్లైనా తీసుకెళ్లండి, లేకపోతే వీడియో కాల్ ద్వారా చేయించుకోండి.

ఇదే మధ్య కొమ్మలో వెనక శాఖ మూసుకుపోతే కథ తిరగబడుతుంది. మాట గలగలా వస్తుంది, కానీ అర్థం ఉండదు, ఎదుటివారి మాట అందదు. కార్ల్ వెర్నికే 1874లో ఈ రకాన్ని వివరించాడు. కాళ్లూ చేతులూ బాగానే ఉండటంతో పిచ్చి పట్టిందనో గాలి సోకిందనో అనుకుని రోజులు గడిపేసిన కుటుంబాలను చూశాను. కుడి మెదడు దెబ్బతిన్నవారిది ఇంకో బాధ. మాట బాగుంటుంది, కానీ వాళ్లకు ఎడమవైపు ప్రపంచం ఉన్నట్టే తోచదు. కంచంలో కుడివైపు అన్నం తిని ఎడమవైపు వదిలేస్తారు, పడిపోయిన ఎడమ చెయ్యి తనది కాదంటారు. ఇక చిన్న మెదడుకు రక్తం ఆగితే కళ్లు తిరగడం, తూలడం, వాంతులు వస్తాయి. మనవాళ్లు పైత్యమనీ గ్యాస్ అనీ నిమ్మరసం తాగించి పడుకోబెడతారు. హఠాత్తుగా నిలబడలేనంత తూలు వస్తే అది ఆసుపత్రికి పరిగెత్తాల్సిన విషయం.

ఇంజెక్షన్ సంగతి. మెదడులో తిండి నిల్వ ఉండదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటూ ఉండాలి. (దాన్ని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు విడివిడిగా కనుక్కున్నారు.) రక్తం ఆగితే ఆ తయారీ ఆగిపోతుంది. గొట్టం మూసుకున్న చోట నడిమధ్యన ఉన్న మెదడు నిమిషాల్లో చచ్చిపోతుంది. చుట్టూ ఉన్న అంచుకు పక్క కొమ్మల నుంచి కాస్త రక్తం అందుతూ ఉంటుంది, అది పని మానేసినా కొన్ని గంటలు ప్రాణంతో ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆ అంచును కాపాడటానికే. వైద్యం అందని సగటు కేసులో నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్కగట్టారు.

ఈ ఇంజెక్షన్‌కు మొదట మూడు గంటలు, 2008 నుంచి నాలుగున్నర గంటలు గడువు. ఆ తర్వాత ఇస్తే చచ్చిపోయిన మెదడులోకి రక్తం పొంగి చిట్లే ప్రమాదం లాభం కంటే పెరుగుతుంది. గడువు లెక్కపెట్టేది లేచిన సమయం నుంచి కాదు, చివరిసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన సమయం నుంచి. మీ నాన్నగారు రాత్రి పదింటికి పడుకున్నారు, పొద్దున ఆరింటికి చూశారు, అప్పటికే ఎనిమిది గంటలు. మొదట తీసుకెళ్లిన చోట సీటీ స్కాన్ లేక రెండు గంటలు పోయాయి. నిద్రలో వచ్చిన పక్షవాతానికి కూడా ఎంఆర్ఐ చూసి ఇంజెక్షన్ ఇవ్వడం, తొడ దగ్గరి నాళం లోంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేయడం 2018 తర్వాత పెద్ద కేంద్రాల్లో జరుగుతున్నాయి. గడ్డ లాగే పద్ధతి ఎంపిక చేసిన కొందరికి 24 గంటల దాకా పనికొస్తుంది. కానీ అది అన్ని ఊళ్లలోనూ లేదు. మీరు చేసిన తప్పేమీ లేదు. అయితే ఆరోజు పక్కింటివారు బీపీ తగ్గడానికని నాలుక కింద మాత్ర పెట్టారని రాశారు, అది ఇంకెప్పుడూ చెయ్యనివ్వకండి. గొట్టం మూసుకున్నప్పుడు ఆ అంచుకు రక్తం నెట్టడానికే బీపీ పెరుగుతుంది, దాన్ని ఒక్కసారిగా దించితే అంచు కూడా ఎండిపోతుంది. ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వడమూ తప్పే. మూసుకుందో చిట్లిందో చూసి చెప్పగలిగేది స్కాన్ ఒక్కటే, చిట్లితే ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది.

మాట తిరిగి వస్తుందా? చచ్చిన కణాలు తిరిగి రావు. కానీ మొదటి రోజుల్లో చుట్టూ ఉన్న వాపు తగ్గుతుంది, మూర్ఛపోయినట్టు ఉన్న భాగాలు మేలుకుంటాయి, పక్క భాగాలు కొత్త దారులు వేసుకుని కొంత పని నేర్చుకుంటాయి. మొదటి మూడు నెలల్లో ఎక్కువ మార్పు, ఆరు నెలల దాకా ఓ మోస్తరు, మాట విషయంలో ఏడాది, రెండేళ్లు కూడా నెమ్మదిగా మెరుగవుతూనే ఉంటుంది. అర్థం చేసుకునే శక్తి మిగిలి ఉండటం మీ నాన్నగారికి పెద్ద బలం. నా అనుభవంలో ఇలాంటివారిలో ఎక్కువమందికి మాటలు వస్తాయి, "అన్నం... వద్దు... కాఫీ" అన్నట్టు విభక్తులు లేకుండా తెగిపోయిన వాక్యాలుగా ముందు వస్తాయి. మునుపటిలా గలగలా మాట్లాడతారని మాట ఇవ్వలేను.

ఆ కొత్త దారులు పడాలంటే పని చేయించాలి, రోజూ, విసుగు వచ్చేటన్నిసార్లు. ఫిజియోథెరపీ వారానికోసారి వచ్చి చేసిపోయేది కాదు. కుడి చేతిని రెండో చేత్తో పట్టుకుని గ్లాసు దగ్గరికి తీసుకెళ్లడం, బఠాణీలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం, తువ్వాలు మడతపెట్టడం, ఇవన్నీ చికిత్సే. ఆయన చెయ్యగలిగిన పనిని జాలితో మీరు చేసిపెట్టకండి. లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగవద్దు. కండరం పట్టు వదిలేసిన భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి పీడిస్తుంది. నడుము దగ్గర పట్టుకుని లేపండి, కూర్చున్నప్పుడు మోచేతి కింద దిండు పెట్టండి. నూనె రాసి మెల్లగా మర్దనా చేస్తే తప్పులేదు, హాయిగా ఉంటుంది, కానీ చెయ్యి దానంతట తిరిగి రాదు. కాపడం మాత్రం పెట్టకండి, స్పర్శ తగ్గిన చర్మం కాలినా ఆయనకు తెలియదు.

మింగడం గురించి మీరు రాయలేదు, అదే నాకు కాస్త టెన్షన్. నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తోందా, తాగాక గొంతు తడితడిగా గరగరమంటోందా చూడండి. అలా ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి, న్యుమోనియా వస్తుంది. పక్షవాతం తర్వాతి వారాల్లో ప్రాణాలు తీసేవాటిలో అది ముఖ్యమైనది. పల్చటి నీళ్లే అన్నిటికంటే మింగడం కష్టం, చిక్కటి జావ తేలిక. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే ఇంకోటి. పడుకోబెట్టి తాగించవద్దు.

ఏడుపు రెండు రకాలుగా ఉంటుంది. చిన్న మాటకే ఉబికి వచ్చి నిమిషంలో ఆగిపోయేది ఒకటి, అది భావోద్వేగాలకు వేసే కళ్లెం దెబ్బతినడం వల్ల వస్తుంది, మాట మార్చితే ఆగుతుంది. తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకుని, వ్యాయామం వద్దనేది రెండోది. అది డిప్రెషన్. పక్షవాతం వచ్చినవారిలో మూడోవంతు మందికి వస్తుంది. ధైర్యం చెబితే పోయేది కాదది. మందులున్నాయి, డాక్టరును అడగండి.

పసరు మందు, పావురం రక్తం గురించి. ఆయనమీద ప్రేమతోనే మీ బాబాయిగారు చెబుతున్నారని నాకు తెలుసు. కానీ చర్మం మీద పూసిన రక్తం పుర్రెలో మూసుకున్న నాళం దాకా వెళ్లే దారి లేదు. పసరు తాగి చెయ్యి వచ్చిందనేవారి మాట అబద్ధం కాదు, మొదటి నెలల్లో చాలామందికి తనంతట కొంత వస్తుంది, ఆ సమయంలో ఏది తాగినా దానికే పేరు వస్తుంది. అసలు నష్టం వేరే ఉంది. పసరు ఇచ్చేవారు పథ్యమని ఇంగ్లీషు మందులన్నీ ఆపమంటారు. బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర ఆపిన కొద్ది వారాల్లో రెండో పక్షవాతంతో వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. ఈ ఒక్క విషయంలో మీరు ఇంట్లో గొడవ పడాల్సి వచ్చినా పడండి.

ఆరు నెలల కిందట ఒకసారి కుడి చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయి, పది నిమిషాలకు సర్దుకుందని మీ అమ్మగారు ఇప్పుడు గుర్తు చేసుకున్నారు. అది నీరసం కాదు, మూసుకోబోయి తెరుచుకున్న నాళం. అలాంటిది మళ్లీ ఎప్పుడైనా, ఇంట్లో ఎవరికైనా వస్తే, సర్దుకున్నా సరే ఆరోజే ఆసుపత్రిలో ఉండాలి, తర్వాతి రెండు రోజులే అన్నిటికంటే ప్రమాదం. మూతి వంకర, చెయ్యి లేపితే జారడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా 108కి ఫోన్ చేసి, టైము రాసుకుని, సీటీ స్కాన్ ఉన్న చోటికే నేరుగా వెళ్లండి. నోట్లో ఏమీ పోయవద్దు.

రెండోసారి రాకుండా ఉండాలంటే మొదటిది వచ్చిన కారణం దొరకాలి. బీపీ ఆయనకు ఉందని తెలిసీ "తగ్గింది కదా" అని రెండేళ్ల కిందట మాత్ర మానేశారని రాశారు. మాత్ర వేసుకోబట్టే తగ్గింది. ఇకపై 130/80 దాటకుండా ఉండాలి, అది జీవితాంతం. మెడ నాళాల డాప్లర్ స్కాన్ చేశారో లేదో, గుండె లయ తప్పుతోందేమో ఈసీజీ, అవసరమైతే 24 గంటల రికార్డింగ్ చేశారో లేదో డిశ్చార్జి కాగితాల్లో చూడండి. లయ తప్పడం వల్ల గుండెలో గడ్డ కట్టి పైకి వెళ్లి ఉంటే మందే మారిపోతుంది. షుగరు, కొలెస్ట్రాల్ సంగతి చెప్పనక్కర్లేదు. చుట్ట మానాలి. ఉప్పు రోజంతటికీ ఒక్క టీస్పూను మించకూడదు. ఆవకాయ, అప్పడం, వడియాలు ఆ లెక్కలోకే వస్తాయి.

మతి పోతుందా అని అడిగారు. మతిమరుపుకు పెద్ద కారణమైన అల్జీమర్స్ వేరే జబ్బు, 1906లో అలోయిస్ అల్జీమర్ వివరించినది, అది ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. పార్కిన్సన్స్ కూడా వేరు, మధ్య మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గి వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. పక్షవాతం వీటిగా మారదు. కానీ నాళాలు మళ్లీ మళ్లీ మూసుకుంటే ప్రతిసారీ కొంత తెలివి తగ్గుతుంది, మెట్లు దిగినట్టు. దాన్ని ఆపేవి కూడా పైన చెప్పిన బీపీ మాత్రలే. మీ నాన్నగారు ఇరవై ఏళ్లు హైదరాబాద్‌లో పనిచేసి ఉర్దూ, హిందీ బాగా మాట్లాడేవారన్నారు కదా. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాతం రోగులను చూసి 2016లో ప్రచురించింది. జబ్బు తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు మూడు భాషలు వచ్చినవారిలో 40 శాతం, ఒకే భాష వచ్చినవారిలో 20 శాతం. ఒక్కోసారి ఒక భాష ముందు తిరిగి వస్తుంది కూడా. ఆయన పాత స్నేహితులెవరైనా ఉర్దూలో పలకరిస్తామంటే పలకరించనివ్వండి.

కొందరికి మెదడులో మిగిలిన మచ్చ వల్ల నెలల తర్వాత ఫిట్స్ రావచ్చు. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, టైము చూసుకోండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం వద్దు. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వచ్చినా 108.

ఇక మీ సెలవు. ఈ మూడు నెలలు ఇంటినుంచే పని చెయ్యడానికి ఆఫీసు ఒప్పుకుంటే ఉండండి. ఒప్పుకోకపోతే వెళ్లండి, ఉద్యోగం పోగొట్టుకోకండి, మందులకూ థెరపీకీ డబ్బు కావాలి. వెళ్లేముందు మీ తమ్ముడికి నడుము పట్టుకుని లేపే పద్ధతి, కూర్చోబెట్టి తినిపించే పద్ధతి నేర్పి, నాన్నగారి బీపీ రోజూ రాసే పుస్తకం ఒకటి అమ్మగారి చేతికివ్వండి. బెంగళూరు నుంచి రోజూ ఒకే టైముకు ఇరవై నిమిషాలు వీడియో కాల్ చెయ్యండి. ఫోన్ అమ్మ చేతిలో కాకుండా ఆయన ఎదురుగా నిలబెట్టమనండి. మీ వైపు నుంచి ఒక పద్యం సగం ఎత్తుకుని ఆపండి, మిగతా సగం కోసం ఆగండి. మొదటి వారం రాకపోవచ్చు. ఆయన నోరు కదిపిన రోజు నాకు రాయండి.